సూర్యలంక రోడ్డు గుర్రాల మాస్టారు

తెనాలి చెంచుపేటలో రాజీవ్ వాళ్ళింట్లో ఉదయం ఏడున్నర అయిందంటే అందరికీ గుండెల్లో దడ మొదలయ్యేది. ఆ వేళకి అతను తండ్రికి మొహం కడగాలి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి, రెండ్రోజులకోసారి గడ్డం గియ్యాలి. నెలన్నరగా ఆ పని ఒక్కరోజు కూడా గొడవ లేకుండా జరగలేదు.

ఆ రోజు రెండో శనివారం. ఆఫీసు లేదు, బడి లేదు. వంటింట్లోంచి ఇడ్లీల వాసన వస్తోంది. పదేళ్ళ కూతురు ప్రియ తాతయ్య మంచం దగ్గర చాప మీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేసుకుంటోంది. రాజీవ్ ఒక చేత్తో వేణ్ణీళ్ళ మగ్గు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు.

మంచం మీద తండ్రి శాలేమురాజు గోడకేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ ఆయన చూపు ఎప్పుడూ ఆ గోడకేసే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఒకప్పుడు పోలీసు గుర్రపు దళంలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసిన మనిషి, అరిస్తే మైదానం ఆ చివరికి వినపడే గొంతు. ఇప్పుడు "ఆ... ఆ..." అనడం తప్ప ఇంకేమీ రావడం లేదు.

రాజీవ్ వంగి తువ్వాలు మొహానికి తగిలించాడో లేదో, పెద్దాయన ఉలిక్కిపడి ఎడమ చెయ్యి విసిరాడు. మగ్గు ఎగిరి గోడకి కొట్టుకుంది. నీళ్ళు పక్క మీద, రాజీవ్ చొక్కా మీద, ప్రియ బొమ్మ మీద పడ్డాయి.

"ఇంకేం చెయ్యమంటావు నన్ను?" రాజీవ్ అరిచేశాడు. "ముట్టుకుంటే కొడతావు, ముట్టుకోకపోతే అలాగే పడుంటావు. నా మొహం కూడా చూడవు. ఏం పాపం చేశానని నాకీ శిక్ష?"

ప్రియ తడిసిన కాగితం తీసుకుని చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి పోయింది. ఆమెని దాటుకుని రాజీవ్ భార్య కరుణశ్రీ పరుగున వచ్చింది.

"ఏవండీ, మెల్లిగా. వీధిలోకి వినపడుతోంది."

"వినపడనీ. నేను చేస్తే పడదు, నువ్వు చేస్తే పడదు, డబ్బిచ్చి పెట్టిన మనిషి నాలుగు రోజులకే పారిపోయాడు. ఇంకెవరు చెయ్యాలి? ఆ గుర్రాలొచ్చి చెయ్యాలా?"

గుర్రాలన్న మాటకి శాలేమురాజు గొంతులో ఏదో కదిలింది. తల తిప్పబోయాడు.

"అదిగో చూశావా, ఆ మాట మాత్రం వినపడుతుంది," అన్నాడు రాజీవ్. కోపంలో ఇక ఆగలేకపోయాడు. "అయితే విను నాన్నా. ఇవాళ బాపట్ల వెళ్తున్నాను. రేపల్లె నుంచి నాగమల్లేశ్వరరావుగారు వ్యాను తెస్తున్నారు. రెండు గుర్రాల్నీ ఇచ్చేస్తున్నాను. నేనిక్కడ నిన్నే చూసుకోలేకపోతున్నాను, వాటినెక్కడ చూడను?"

పెద్దాయన చూపు మళ్ళీ గోడ మీదికే పోయింది. కంటి కొసనుంచి నీళ్ళు దిండులోకి జారాయి. కరుణశ్రీ అది చూసింది. రాజీవ్ చూడనట్టు బయటికి నడిచాడు.

వంటింట్లో ఆమె అతని వెనకే వచ్చి గొంతు తగ్గించి అంది: "కనీసం ఒక్కమాట ఆయన్ని అడగాల్సింది."

"అడిగితే చెప్తాడా? నోరుంటేగా?"

"నోరున్నప్పుడు మాత్రం మీరు అడిగారా? పండక్కి వెళ్ళి కేకు ఇచ్చి అరగంటలో వచ్చేసేవారు. ఆ గుర్రాల దొడ్డి గేటు ఎప్పుడైనా దాటారా?"

రాజీవ్ దగ్గర దానికి జవాబుంది గానీ, పెళ్ళయి పన్నెండేళ్ళయినా భార్యకి ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు.

అతనికి పదేళ్ళప్పటి సంగతి. పోలీసు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. ఓ ఆదివారం తండ్రి ఓ ఎత్తయిన నల్లగుర్రం పగ్గం అతని చేతికిచ్చి, "వదలకు" అని చెప్పి నీళ్ళతొట్టి వైపు వెళ్ళాడు. అంతలో రోడ్డు మీద లారీ హారన్ మోగింది. గుర్రం ముందుకాళ్ళు పైకెత్తి లేచింది. రాజీవ్ పగ్గం వదిలేశాడు. గుర్రం గేటు దాటి రోడ్డెక్కింది. నలుగురు పరిగెత్తి పట్టుకొచ్చారు. ఆ తర్వాత శాలేమురాజు అదే పగ్గం మడిచి కొడుకుని కొట్టాడు. ఇరవైమంది కానిస్టేబుళ్ళ ముందు. రాజీవ్ నిక్కరు తడిసిపోయింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నలభై ఏళ్ళొచ్చినా అతని చెవుల్లోంచి పోలేదు. మళ్ళీ ఎప్పుడూ గుర్రాల దగ్గరికి వెళ్ళలేదు. తండ్రీ రమ్మనలేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక బాపట్లలో సూర్యలంక రోడ్డు పక్కన సరుగుడు తోటల మధ్య కొంచెం స్థలం అద్దెకి తీసుకుని, రెండు గుర్రాలు కొని, ఊళ్ళో పిల్లల్ని పోగేశాడు. బడి మానేసినవాళ్ళు, ఇంట్లో ఎవరి మాటా విననివాళ్ళు, నలుగురిలో నోరు విప్పనివాళ్ళు. గుర్రానికి దాణా పెట్టడం, ఒళ్ళు తోమడం, గిట్టలు శుభ్రం చెయ్యడం, పగ్గం పట్టి నడిపించడం నేర్పేవాడు. దాంతో పిల్లలు దారిలో పడుతున్నారని హెడ్మాస్టర్లు మెచ్చుకునేవారు. "మీ నాన్నగారికి ఎంత ఓర్పండీ!" అని ఎవరైనా అంటే రాజీవ్‌కి ఒళ్ళు మండిపోయేది. ఊరి పిల్లల మీదున్న ఓర్పు కన్నకొడుకు మీద ఎందుకు లేకపోయిందని ఎవర్నడగాలి?

"సాయంత్రానికి వచ్చేస్తాను," అని మాత్రం చెప్పి స్టేషన్‌కి బయల్దేరాడు.

పాసింజరు బండి నిడుబ్రోలు దాటి బాపట్ల చేరేసరికి పదిన్నరయింది. ఆటో సూర్యలంక రోడ్డు మీద పోతుంటే ఇసక నేలలు, వేరుశనగ చేలు, ఆ తర్వాత సరుగుడు తోటలు వచ్చాయి. దొడ్డి గేటు దగ్గర దిగాడు. నెలన్నరగా మనిషి లేని చోటు కదా, పేడా చెత్తా నిండిపోయి ఉంటుందనుకున్నాడు.

కానీ నేలంతా చిమ్మి ఉంది. నీళ్ళతొట్టి కడిగి ఉంది. రేకుల షెడ్డు కింద నానబెట్టిన ఉలవల బకెట్టు మీద గోనెపట్టా కప్పి ఉంది. నలుగురైదుగురు పిల్లలు పనిలో ఉన్నారు. భార్గవ్ అనే పన్నెండేళ్ళవాడు ముసలి గుర్రం చిట్టెమ్మకి ఎదురుగా కూర్చుని తెలుగు వాచకం పైకి చదువుతున్నాడు. మాట మాటకీ నత్తి తగులుతోంది. గుర్రం చెవులు ముందుకి పెట్టి వింటున్నట్టే ఉంది. వాడు తడబడ్డ చోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

మేఘం అనే బూడిదరంగు గుర్రం ఒళ్ళు తోముతున్న పదిహేడేళ్ళ అమ్మాయి బ్రష్షు పక్కన పెట్టి వచ్చింది.

"మీరు మాస్టారి అబ్బాయి కదా! మాస్టారు ఎలా ఉన్నారు బాబాయ్?"

"అలాగే ఉన్నాడు. నువ్వెవరమ్మా?"

"మహాలక్ష్మిని. ఆ రోజు మాస్టారు ఇక్కడే పడిపోయారు. మేమే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తల నా ఒళ్ళోనే ఉంది." ఆ అమ్మాయి గబగబా అడిగింది: "కుడి చెయ్యి ఏమన్నా కదులుతోందా? తింటున్నారా? మమ్మల్ని చూడ్డానికి రానిస్తారా?"

ఎవరో చుట్టుపక్కలవాళ్ళు ఆస్పత్రిలో చేర్చారని మాత్రమే రాజీవ్‌కి తెలుసు. ఆ ఎవరో ఈ పిల్లలని ఇప్పుడే తెలిసింది. సమాధానాలు చెప్పడం కష్టమైంది. చెప్పాల్సింది ఇంకోటి ఉంది.

"చూడమ్మా, ఇన్నాళ్ళూ మీరు చూసుకున్నందుకు... ఏమనాలో తెలీడం లేదు. కానీ ఇక ఇది జరగదు. గుర్రాల్ని ఇచ్చేస్తున్నాను. కాసేపట్లో వ్యాను వస్తుంది."

మహాలక్ష్మి ముక్కుపుటాలు అదిరాయి. చేతులు బిగుసుకున్నాయి. తిడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని రెండుసార్లు నిండుగా ఊపిరి తీసుకుంది.

"ఎవరికి?" అంది మెల్లిగా.

"రేపల్లెలో పెళ్ళిళ్ళకి గుర్రాలు పంపేవాళ్ళకి. మంచివాళ్ళే."

"మేఘానికి బ్యాండు చప్పుడంటే భయం బాబాయ్. అది పెళ్ళి ఊరేగింపులో నిలబడలేదు."

"నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు రాజీవ్. ఆ మాట అతనికే నీరసంగా వినిపించింది. "నాకు వీటి గురించి ఏమీ తెలీదు. తెనాల్లో ఉద్యోగం. ఇంట్లో ఆయన. మీరు పిల్లలు. దీన్నంతా ఎవరు చూస్తారు?"

"మేం చూస్తాం కదా."

"ఎన్నాళ్ళు?"

ఆ అమ్మాయి వెళ్ళి బ్రష్షు అందుకుని మళ్ళీ మేఘం మెడ తోమసాగింది.

పదకొండున్నరకి వ్యాను వచ్చింది. నాగమల్లేశ్వరరావు తెల్లచొక్కా తొడుక్కున్న పెద్దమనిషి. వస్తూనే శాలేమురాజు ఆరోగ్యం అడిగి, "మీ నాన్నగారంటే మా వ్యాపారంలో అందరికీ గౌరవమండీ," అన్నాడు. రెండు గుర్రాల్నీ చుట్టూ తిరిగి చూశాడు. చిట్టెమ్మ పళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికి వయసైపోయిందండీ. ఊరేగింపుకి పనికిరాదు. బూడిదరంగుదే తీసుకుంటాను."

అతని డ్రైవరు మేఘం పగ్గం పట్టుకుని వ్యానుకి ఆనించిన చెక్క పలక మీదికి లాగాడు. మేఘం కాళ్ళు ఊన్చి నిలబడిపోయింది. డ్రైవరు గట్టిగా లాగాడు. గుర్రం వెనక్కి తన్నుకుంది, గుడ్లు మిటకరించింది, ఒళ్ళంతా వణికింది. డ్రైవరు వ్యానులోంచి కర్ర తీశాడు. మొదటి దెబ్బ తొడ మీద పడింది.

రాజీవ్ నోరు పెగల్లేదు. ఆపమనాలని ఉంది. గుర్రం ముందుకాళ్ళు పైకి లేవగానే అతను పదేళ్ళ పిల్లాడైపోయాడు. గోడ దాకా వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఆగండి!" మహాలక్ష్మి అడ్డంగా వచ్చింది. ఆ గొంతులో కేక లేదు, కానీ డ్రైవరు చెయ్యి ఆగింది. "కొట్టకండి అన్నయ్యా. నేనే ఎక్కిస్తాను. పగ్గం ఇటివ్వండి."

ఆమె పగ్గం వదులుగా పట్టుకుంది. గుర్రానికి ఎదురుగా రాకుండా భుజం పక్కకి చేరింది. "మేఘం, నేనేరా. ఇదిగో వస్తున్నా. మెడ మీద చెయ్యి వేస్తున్నా," అని ముందు చెప్పి, అప్పుడు చెయ్యి వేసింది. గుర్రం ఊపిరి తగ్గేదాకా అలాగే నిలబడింది. ఎవరూ కదల్లేదు. ఐదు నిమిషాలు పట్టిందో, పది పట్టిందో. ఆ తర్వాత ఆమె ఒక అడుగు వేసింది, గుర్రం ఒక అడుగు వేసింది. పలక మీద గిట్టల చప్పుడు టకటకమని వినిపించింది. వ్యానులో దాన్ని కట్టి, మెడకి మొహం ఆనించి ఏదో చెప్పి దిగింది.

"అయ్యగారూ, కుడి చెవి ముట్టుకోకండి, పాత గాయం ఉంది. ఉలవలు రాత్రే నానబెట్టాలి. బ్యాండు దగ్గరికి ఒక్కసారిగా తీసుకెళ్ళకండి. దూరం నుంచి రోజుకి కొంచెం కొంచెం అలవాటు చెయ్యండి," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు నాగమల్లేశ్వరరావు.

ఇప్పుడు వద్దనాలి, ఈ క్షణమే అనాలి అనుకుంటూనే రాజీవ్ వ్యాను గేటు దాటడం చూశాడు. మేఘం ఒక్కసారి సకిలించింది. షెడ్డులోంచి చిట్టెమ్మ బదులిచ్చింది. భార్గవ్ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు.

మహాలక్ష్మి ఏడవలేదు. చీపురు తీసుకుని వ్యాను చక్రాల జాడలు చెరిపేస్తున్నట్టు గేటు దాకా చిమ్మింది. రాజీవ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను తిట్టమ్మా. పర్లేదు."

"రెండేళ్ళ కిందటైతే తిట్టేదాన్ని కాదు బాబాయ్, కొట్టేదాన్ని," అంది ఆమె తలెత్తకుండా. "క్లాసులో ఒకమ్మాయి నెత్తి మీద టిఫిన్ డబ్బాతో కొట్టాను. మూడు కుట్లు పడ్డాయి. మా అమ్మ వేటపాలెం జీడిపప్పు కంపెనీలో పనికి పోతుంది. అక్కణ్ణుంచి ఏడ్చుకుంటూ వచ్చి హెడ్మిస్ట్రెస్ కాళ్ళు పట్టుకుంది. ఆవిడే నన్ను మాస్టారి దగ్గరికి పంపించారు. కోపంగా వెళ్తే గుర్రం దగ్గరికి రానివ్వదు. మనకి కోపం తగ్గిందో లేదో దానికి తెలిసిపోతుంది. అబద్ధం చెప్పడానికి కుదరదు. అలా నేర్చుకున్నాను."

"మా నాన్న నేర్పాడా ఇదంతా?" రాజీవ్ నవ్వబోయాడు. చేదుగా వచ్చింది. "నా చిన్నప్పుడు ఇలా లేడమ్మా ఆయన."

ఆమె చిమ్మడం ఆపింది. అతని మొహంలోకి కొత్తగా చూసింది.

"ఆ పిల్లాడు మీరే కదా?"

"ఏ పిల్లాడు?"

"మొదటిరోజు మాస్టారు ఎవర్నీ గుర్రాన్ని ముట్టుకోనివ్వరు. ఆ తవుడు బస్తా మీద కూర్చోబెట్టి ఒక సంగతి చెప్తారు. అందరికీ అదే చెప్తారు. 'పదేళ్ళ పిల్లాడి చేతికి పగ్గం ఇచ్చి వదలకు అన్నాను. ఎలా పట్టుకోవాలో చెప్పలేదు. గుర్రం బెదిరింది, పిల్లాడూ బెదిరాడు. తిరిగొచ్చాక గుర్రాన్ని నిమిరాను, పిల్లాణ్ణి కొట్టాను. గుర్రం సంగతులన్నీ తెలిసినవాణ్ణి, నా కొడుకు సంగతి తెలుసుకోలేకపోయాను. మీరు అలా చెయ్యకండి. భయపడ్డవాళ్ళని కొట్టకండి.' అంతే. ఆ తర్వాతే బ్రష్షు చేతికిస్తారు."

రాజీవ్ తవుడు బస్తా మీద కూలబడ్డాడు.

"నేనోసారి అడిగాను బాబాయ్. ఇది మీ అబ్బాయితో చెప్పారా మాస్టారూ అని. 'ఫోను చేసినప్పుడల్లా అనుకుంటానమ్మా, నోరు రాదు' అన్నారు."

సరుగుడు తోటలోంచి సముద్రపు గాలి హోరుమంటోంది. నోరు రాదన్న మనిషికి ఇప్పుడు నిజంగానే నోరు లేదు. ఇక ఆ మాట తను ఆయన నోట ఎన్నటికీ వినలేడు. తను మాత్రం పొద్దున ఆ మంచం పక్కన నిలబడి నోరారా అరిచి వచ్చాడు. రాజీవ్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పిల్లలు అతని చుట్టూ ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డారు.

మొహం తుడుచుకుని అతను పొద్దున జరిగింది చెప్పాడు. మగ్గు విసరడం, రోజూ కొట్టడం, ఎప్పుడూ గోడకేసే చూడడం. "నా మొహం చూడ్డం ఇష్టం లేదనుకున్నాను," అన్నాడు.

మహాలక్ష్మి చీపురు పక్కన పెట్టింది. "మంచం ఎలా వేశారు బాబాయ్? గోడ ఏ వైపుంది?"

"ఎడమవైపు."

"అయితే మీరు రోజూ కుడివైపు నుంచి వెళ్తున్నారు. పక్షవాతం కుడివైపేగా? ఆ వైపు చూపు కూడా పోయిందేమో. మాస్టారికి మీరు కనపడటం లేదేమో బాబాయ్. కనపడని వైపు నుంచి ఎవరో మొహమ్మీద చెయ్యేస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు."

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు డాక్టరు చూపు గురించి ఏదో చెప్పినట్టు అప్పుడు గుర్తొచ్చింది. మందుల చీటీ, బిల్లుల మధ్య ఆ మాట అతని తలకెక్కలేదు.

తిరుగు బండిలో కూర్చుని నాగమల్లేశ్వరరావుకి ఫోను చేశాడు. మేఘాన్ని వెనక్కిమ్మని బతిమాలాడు.

"బాబూ, మీరు మాటిచ్చారు, నేనొక పెళ్ళివారికి మాటిచ్చాను. ముందు నాలుగు ముహూర్తాలున్నాయి. ఇప్పుడు కాదంటే నేనేమైపోవాలి?" అన్నాడాయన. కోపంగా అనలేదు. "బాగా చూసుకుంటాను. ఎప్పుడైనా వచ్చి చూడండి." ఇంకోసారి చేస్తే ఎత్తలేదు. కిటికీలోంచి చేలు వెనక్కి పోతున్నాయి. అతని చేతిలో చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు.

ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. కరుణశ్రీ తలుపు తీసింది.

"కరుణా, మంచం ఓ పట్టు పట్టు," అన్నాడు. ఇద్దరూ కలిసి పెద్దాయనతో సహా మంచాన్ని మెల్లిగా తిప్పి గది మధ్యకి లాగారు. ఎడమవైపు ఖాళీ చేశారు. రాజీవ్ ఆ వైపు ముక్కాలిపీట వేసుకుని, తండ్రి కళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు.

శాలేమురాజు కళ్ళు గోడ కోసం వెతికి, కొడుకు మొహం మీద ఆగాయి. చాలా రోజుల తర్వాత మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు.

"నాన్నా, నేను రాజీవ్‌ని," అన్నాడు. "గడ్డం గీస్తాను. ముందు నీళ్ళు రాస్తాను. రాయనా?"

ఆగాడు. తొందరపెట్టలేదు. పెద్దాయన రెప్ప ఒకసారి వాల్చి ఎత్తాడు. రాజీవ్ తడిచెయ్యి చెంప మీద పెట్టాడు. తండ్రి ఎడమ చెయ్యి లేవలేదు. గుమ్మంలో కరుణశ్రీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రియ తల్లిని ఆనుకుని నిలబడింది.

సగం గడ్డం అయ్యాక రాజీవ్ చెయ్యి ఆగిపోయింది.

"నాన్నా, మేఘాన్ని పంపించేశాను. చిట్టెమ్మ ఉంది. మేఘం వెళ్ళిపోయింది. వెనక్కి అడిగాను, ఇవ్వనన్నారు. నిన్ను అడక్కుండా చేశాను. నాదే తప్పు నాన్నా."

శాలేమురాజు కళ్ళు నిండిపోయాయి. పెదాలు ఒకవైపుకి వంకర్లు పోతూ దేనికోసమో పెనుగులాడాయి. మెడ నరాలు పైకి తేలాయి.

"నా... నా..."

నెలన్నరలో ఆ నోట్లోంచి "ఆ" కాకుండా వచ్చిన మొదటి శబ్దం అది. రాజీవ్ రేజరు పక్కన పెట్టేశాడు.

"నా... ది."

"అవును నాన్నా. నీదే. నీ గుర్రమే. నాకేం హక్కుందని..."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. విసుగ్గా, గట్టిగా. ఎడమ చేత్తో కొడుకు చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు. ఆ చేతినే తన గుండెల మీద పెట్టుకున్నాడు.

"నాది," అన్నాడు మళ్ళీ. ఈసారి స్పష్టంగా. కన్నీళ్ళు సబ్బు నురగలో కలిసి కారుతున్నాయి. "నాది... నాది..."

అప్పుడు అర్థమైంది రాజీవ్‌కి. గుర్రం గురించి కాదు. తప్పు తనదన్నాడు కొడుకు. కాదు, నాదంటున్నాడు తండ్రి. ముప్పై ఏళ్ళ నాటి ఆదివారం సంగతి చెబుతున్నాడు.

"ఆ పిల్ల చెప్పింది నాన్నా," అన్నాడు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే. "మహాలక్ష్మి. మొత్తం చెప్పింది. నువ్వు వాళ్ళందరికీ చెప్పిందంతా. ఇంక చాలు. ఇంక నువ్వేం చెప్పక్కర్లేదు."

శాలేమురాజు ఎడమ చెయ్యి అతని చొక్కా మళ్ళీ పట్టుకుంది. వదల్లేదు. రాజీవ్ మంచం పట్టె మీద తల ఆనించి, చిన్నప్పుడు ఆ ఇరవైమంది ముందు ఏడవలేక మింగేసిందంతా ఏడ్చేశాడు. మేఘాన్ని తీసుకురాలేడు. తండ్రి చెయ్యీ కాలూ తెచ్చివ్వలేడు. సరుగుడు తోటలో ఆ పిల్లల దొడ్డి ఇంకెన్నాళ్ళు నిలబడుతుందో చెప్పలేడు. ఈ ముక్కాలిపీట మీంచి లేవకుండా కూర్చోవడం ఒక్కటే అతనికి చేతనైంది.

ప్రియ మెల్లిగా వచ్చి తాతయ్యకి ఎడమవైపే నిలబడింది.

"తాతయ్యా, సబ్బు ఆరిపోతోంది. నాన్నని వదిలితే కదా గడ్డం అయ్యేది?" అంది.

పెద్దాయన మొహంలో సగం మాత్రమే నవ్వగలిగింది. ఆ సగం నవ్వింది. వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. రాజీవ్ మోచేత్తో కళ్ళు తుడుచుకుని, రేజరు నీళ్ళలో ముంచి, "రెండో చెంప నాన్నా," అని చెప్పి, తండ్రి రెప్ప వాల్చేదాకా ఆగాడు.